మేడ మీద దండేలు

తెల్లటి దుప్పట్లు ఆరేసిన చోట మధ్యాహ్నం పూట పడుకుంటే కలలు కూడా తెల్లగానే వస్తాయని దండెమత్త అనేది. ఎండ దుప్పట్లో వడగట్టుకుని ముఖం మీద పడుతుందట. గాలి వీస్తే ఆ వెలుగు దగ్గరికొస్తుంది, ఆగితే వెనక్కి జరుగుతుంది. మెలకువగా ఉన్నామో నిద్రలో ఉన్నామో తేల్చుకోవాలని కూడా అనిపించదట. "తేల్చుకుని ఎవరికి చెప్పాలి?" అనేది.

ఆమెకు వేరే పేరు ఉండే ఉంటుంది. బస్సు డిపో వెనక మైదానంలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దండేలు కట్టి, వాటి మధ్యే సగం జీవితం గడిపింది కాబట్టి చిన్నాపెద్దా అందరికీ దండెమత్తే. ఆమె మొగుడు కాబట్టి ఆయన మామయ్య. మొగుడి అక్కను ఆమె వదినా అని పిలిచేది గనక మేమంతా కూడా వదినగారు అనేవాళ్ళం. ఇస్త్రీ పని వదినగారిది. ఆవిడ నాలుక ఇస్త్రీపెట్టె కంటే ఒక పాలు ఎక్కువ వేడిగా ఉండేది.

తెల్లారేసరికి లాడ్జీల నుంచి, ఆసుపత్రి నుంచి మూటలు వచ్చి పడేవి. మైదానం మూలన ఒక కుళాయి, దాని పక్కన సిమెంటు తొట్లు, రెండు బండలు. సోడా నీళ్ళలో నానబెట్టడం మామయ్య వంతు. బాదడం ఇద్దరి వంతు. నీలిమందు పెట్టడం మాత్రం దండెమత్త ఎవరికీ వదిలేది కాదు. నీలం ఎక్కువైతే దుప్పటికి దిగులు పట్టుకుంటుందట, తక్కువైతే ముసలితనం వస్తుందట. సాయంత్రం ఆరిన దుప్పట్లను మడత పెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. చెరో కొసా పట్టుకుని దూరంగా నిలబడి, ఒక్కసారి దులిపి, సగానికి మడిచి, ఒకరి దగ్గరికి ఒకరు నడిచి రావాలి. కొసలు అందించేటప్పుడు వేళ్ళు తగులుతాయి. పొద్దున ఎంత పోట్లాడుకున్నా మడతల వేళకు ఎదురెదురుగా రాక తప్పదు. "మీ మామయ్య నాతో మాట్లాడకుండా ఉండగలిగింది ముసురు పట్టిన రోజుల్లోనే" అని చెప్పి నవ్వేది.

వాళ్ళు అద్దెకుండేది పంక్చర్లు వేసే షాపు వెనక ఒక గదిలో. కిటికీ లేదు. తలుపు మూస్తే చీకటి, తీస్తే రబ్బరు కాలిన వాసన. దండెమత్త పెళ్ళయి వచ్చేసరికే ఆ గదిలో వదినగారు ఒక మూల మంచం వేసుకుని ఉంది. ఆవిడ మొగుడు ఎప్పుడో చెప్పాపెట్టకుండా పోయాడు. ఆవిడకు వెళ్ళడానికి వేరే చోటు లేదు, ఈ కొత్త జంటకూ లేదు. కాబట్టి కొత్త పెళ్ళికూతురికి, పెళ్ళికొడుక్కి ఏకాంతం దొరికేది మధ్యాహ్నం పూట, మైదానంలో, రెండు వరసల దుప్పట్ల మధ్య.

అక్కడ వాళ్ళు ఇల్లు కట్టుకున్నారు. ఈ వరస హాలు, ఆ వరస పడకగది, ఆసుపత్రి దుప్పట్లు ఆరేసిన చివరి వరస వంటిల్లు. మామయ్య బయటి నుంచి వచ్చి దుప్పటి మీద వేలితో కొట్టి, "లోపల ఎవరండీ?" అనేవాడు. చప్పుడు కాదు కదా, అందుకని నోటితో టక్ టక్ అనేవాడు. "ఎవరూ లేరు, సాయంత్రం రండి" అనేది ఆమె. గాలి తిరిగితే హాలు వెళ్ళి పడకగదిలో పడేది. "మన ఇంటికి మేస్త్రీ నిలకడ లేనివాడు" అనేవాడు మామయ్య. అవతల చిరిగిన గొడుగు కింద ఇస్త్రీ చేస్తున్న వదినగారు ఇదంతా వింటూనే ఉండేది. "గాల్లో మేడలు కట్టడం విన్నాను గానీ, దుప్పట్లతో కట్టడం ఇప్పుడే చూస్తున్నా. కాస్త నిప్పులు అందించండి, మేడల్లోంచి దిగి" అనేది.

పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఒక్క ముక్కలో చెప్పి, ఇంకో మాటలోకి వెళ్ళిపోయేది.

అలా నడుస్తుండగా ఒక ఎండాకాలం మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి మైదానం నాలుగు మూలలా సున్నంతో గీతలు గీశారు. ఆ స్థలాన్ని ఇక ఖాళీగా ఉంచరట. ఏం కట్టాలో ఊరివాళ్ళనే అడుగుతారట. ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పుకోవచ్చట. అడిగిందే తడవు ఊరు రెండుగా చీలింది.

ఒక పక్షానికి పెద్ద, బట్టల షావుకారు. పెద్ద వ్యాపార సముదాయం కట్టాలని ఆయన వాదన. అద్దాల షాపులు, పైన ఆఫీసులు, కింద బళ్ళు నిలుపుకునే చోటు. "ఒక జత చెప్పులు కొనాలన్నా జనం బస్సెక్కి పక్క ఊరికి పోతున్నారు. మన డబ్బుతో వాళ్ళ వీధి దీపాలు వెలుగుతున్నాయి. మన పిల్లలకు మన ఊళ్ళోనే పని దొరకొద్దా?" అనేవాడు. ఆ మాటలో అబద్ధం లేదు. రెండో పక్షానికి లెక్కల మాస్టారు. బడి నుంచి రిటైరై చాలాకాలమైంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అద్దె ఇళ్ళు మారుతూనే గడిపిన మనిషి. ఊళ్ళో సగంమంది ఒక్కొక్క గదిలో ఇరుక్కుని బతుకుతుంటే షాపులెవరికని ఆయన వాదన. "కొన్న చెప్పులు విప్పడానికి ముందు గుమ్మం ఉండాలి కదయ్యా" అనేవాడు. అందులోనూ అబద్ధం లేదు. టీ కొట్టు దగ్గర, క్షవరం షాపులో, బస్సులో, ఎక్కడ చూసినా అదే గొడవ. అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. ఒక వియ్యంకుడు భోజనం మధ్యలో లేచిపోయాడని కూడా విన్నాం.

ఇద్దరి బట్టలూ ఉతికేది దండెమత్తే. అంతేకాదు, రెండు పక్షాలూ సభకు పట్టుకెళ్ళే గుడ్డ బ్యానర్లను ఒకే పొద్దున ఆమె దగ్గర పడేసి పోయాయి, సాయంత్రానికి ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వమని. మాస్టారి పక్షానిది తెల్లగుడ్డ మీద నల్లటి అక్షరాలు. షావుకారుది ఎర్రగుడ్డ. రంగు దిగదని ఆయన తన షాపులో పందెం కాసి మరీ అమ్మే రకం. దండెమత్త ఆ మాట నమ్మి రెండూ ఒకే తొట్లో నానేసింది. తీసేసరికి రెండూ గులాబీరంగులో ఉన్నాయి.

"ఇప్పుడేం చేద్దాం బావా?" అంది.

మామయ్య రెండు బ్యానర్లనూ ఎత్తి ఎండకు చూశాడు. "ఏముంది, కలిసిపోయారు" అన్నాడు.

సభనాడు బడి హాల్లోకి రెండు ఊరేగింపులు రెండు తలుపుల నుంచి వచ్చాయి, ఒకే రంగు బ్యానర్లతో. ఎవరు ఎటువైపు కూర్చోవాలో తెలియక కొంతమంది తప్పు పక్షంలో కూర్చుని చప్పట్లు కూడా కొట్టారు. షావుకారు రంగు గురించి నోరు విప్పలేకపోయాడు, ఆ గుడ్డ తన షాపుదే గనక.

అంతకు ముందే దండెమత్త ఇంట్లో ఇంకో సభ జరిగింది. ఇళ్ళు కడితే తమకూ ఒకటి కావాలని ఆమె దరఖాస్తు పెట్టుకుంది. మామయ్యకు చెప్పకుండా పెట్టింది.

"మైదానం పోతే తినేదేమిటి? గోడలా?" అన్నాడాయన.

"ఇంటి మీద డాబా ఉంటుంది కదా."

"డాబా ఎవరిదో, దండెం ఎవరిదో. ఇల్లనేది ఉన్నవాళ్ళ సరదా. మనకు ఈ చోటు ఉంది, కుళాయి ఉంది."

"నాకు తలుపు కావాలి బావా. కొడితే చప్పుడయ్యే తలుపు."

ఆ రోజు దుప్పట్లు మడతపెట్టేటప్పుడు ఆయన కొసలు అందించి మొహం పక్కకు తిప్పుకున్నాడు. వదినగారిని ఎటువైపని అడిగితే, "నేను గోడ మీద పిల్లిని. ముందు గోడంటూ ఒకటి కట్టనివ్వండి, ఎటు దూకాలో తర్వాత చూస్తా" అంది.

సభలో రెండు పక్షాలవాళ్ళూ ఒకరినొకరు ఉతికి ఆరేశారు. నిజంగా ఉతికి ఆరేసే మనిషి వెనక బెంచీలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఫ్యాను గాలికి కళ్ళు మూతలు పడుతున్నాయట. కిటికీ తెరల మురికి చూసి, వీటిని ఎన్నాళ్ళు నానబెట్టాలో అని లెక్క వేసుకుంటోందట. అంతలో మైకు చేతులు మారుతూ మారుతూ ఆమె ముందుకు వచ్చింది. అధికారి తలెత్తి, "మీరు చెప్పండమ్మా" అన్నాడు.

ఆమె లేచింది. వారం నుంచి అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నాకు ఇల్లు కావాలండి" అంది. కూర్చోబోయి మళ్ళీ నిలబడి, "గాలి కూడా కావాలి" అంది.

"గాలి మా శాఖ కిందికి రాదమ్మా" అన్నాడాయన. వెటకారంగా కాదు, నిజంగా కాగితాల్లో వెతికి చూసినట్టు. హాలంతా నవ్వింది. దండెమత్త కూడా నవ్వి కూర్చుంది. మామయ్య మాత్రం నవ్వలేదు. ఇంటికి వెళ్ళే దారిలో, "వాళ్ళందరి ముందు భలే అడిగావే" అన్నాడు. బడి హాల్లోంచి బయటికొచ్చాక ఆయన అన్న మొదటి మాట అది.

చివరికి కర్ర విరగకుండా పాము చావకుండా తీర్మానం వచ్చింది. కింద షాపులు, పైన ఇళ్ళు. షావుకారు గెలిచానన్నాడు, మాస్టారు గెలిచానన్నాడు. దండేలు విప్పాలని మునిసిపాలిటీవాళ్ళు చెప్పిపోయారు.

తాళ్ళు విప్పిన రోజు గురించి దండెమత్త నాకు చాలాసార్లు చెప్పింది. గుంజలు పీకితే గుంతలు మిగిలాయట. ప్రతి గుంతలోనూ కొంచెం నీళ్ళు ఊరి, ప్రతి నీటిలోనూ ఒక ముక్క ఆకాశం కనపడిందట. తాళ్ళు లేని మైదానం చాలా చిన్నదిగా ఉందట. ఇంత చిన్నచోట ఇన్నాళ్ళు ఎలా తిరిగామా అనిపించిందట. మామయ్య తాళ్ళను చుట్టలు చుట్టి భుజానికి వేసుకుని వెనక్కి చూడకుండా నడిచాడట.

కట్టడం చాలాకాలం సాగింది. ఇల్లు కట్టి చూడు అని ఊరికే అనలేదు. ఆ రోజుల్లో వాళ్ళు డిపో కంచె మీద, రోడ్డు పక్క రెయిలింగు మీద, బతిమాలుకుని ఎవరెవరి డాబాల మీదో ఆరేశారు. దుమ్ము పడుతోందని ఆసుపత్రివాళ్ళు మూటలు పంపడం మానేశారు. లాడ్జీల్లో ఒకటి మాత్రం మిగిలింది. రోజు గడవడం కష్టమైంది. అప్పుడు మామయ్య తను వద్దన్న కట్టడంలోనే పనికి కుదిరాడు. కొత్త గోడలకు, స్లాబులకు నీళ్ళు పట్టే పని. సిమెంటు నెర్రెలివ్వకుండా గట్టిపడాలంటే పొద్దునా సాయంత్రం తడపాలి. నీళ్ళతో పని ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

మొదట్లో మొహం ముడుచుకుని వెళ్ళేవాడు. నెల తిరిగేసరికి మనిషి మారిపోయాడు. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఇవాళ మూడో అంతస్తుకు తలంటు పోశా" అనేవాడు. "తలుపు చట్రాలు నిలబెట్టారు. పడమటి వైపు కిటికీలోంచి డిపో మొత్తం కనిపిస్తోంది. బస్సులు బొమ్మల్లా ఉన్నాయి."

"మనకు ఏ ఇల్లొస్తుందో తెలీదుగా" అనేది ఆమె.

"తెలీదు. అందుకే అన్నిటికీ సమానంగా పోస్తున్నా. ఏది మనదో, దానికి తక్కువైతే ఎలా?"

అసలు రాకపోతే ఏం చేస్తావురా అని వదినగారు అడిగితే, "వచ్చినవాళ్ళ గోడలు గట్టిగా ఉంటాయి" అన్నాడట.

చీటీలు తీశారు. దండెమత్తకు చివరి అంతస్తులో వచ్చింది. పైన డాబా, మధ్యాహ్నం పెనం మీద ఉన్నట్టుంటుందని అందరూ జాలిపడ్డారు. మెట్లెక్కలేక చస్తారన్నారు. ఆమె మాత్రం ఆ చీటీని మడిచి, ఇంకా మడిచి, గోరంత చేసి పిడికిట్లో పెట్టుకుని ఇంటి దాకా నడిచింది. డాబా తన నెత్తి మీదే ఉందని ఎవరికీ చెప్పలేదు. లెక్కల మాస్టారికి రెండో అంతస్తు వచ్చింది. మాకు మూడోది. అలా నేను ఆమెకు కింది వాటా మనిషినయ్యాను. ఈ కథలో సగం, ఆ మెట్ల మీద కూర్చుని ఆమె చెప్పగా విన్నదే.

కొత్త ఇంట్లోకి వచ్చిన మొదటి రోజు మామయ్య తలుపు మూయడం, తీయడం, మళ్ళీ మూయడం, ఇదే పని. బయటికి వెళ్ళి కొట్టాడు. చప్పుడైంది. "లోపల ఎవరండీ?" అన్నాడు. లోపలి నుంచి వదినగారు, "అందరూ ఉన్నారు, నీకే చోటు లేదు" అంది. ఆవిడకు కిటికీ పక్కన మంచం వేశారు. జన్మలో మొదటిసారి కిటికీ దొరికిన మనిషి, ఇస్త్రీ చేస్తూ కూడా వీధినే చూసేది. రెండు చొక్కాలు మాడ్చింది.

విచిత్రమేమిటంటే, ఇల్లు వద్దన్న మామయ్య పడుకోగానే నిద్రపోయేవాడు. కావాలని ఏరికోరి తెచ్చుకున్న దండెమత్తకు మాత్రం మధ్యాహ్నం కునుకు పట్టలేదు. "ఈ గోడలు కదలవేం బావా" అంది ఒకరోజు.

"కదిలితే మునిసిపాలిటీని పిలవాలి. పడుకో" అన్నాడాయన.

ఆమె లేచి తాళ్ళ చుట్టలు తీసుకుని డాబా మీదికి వెళ్ళింది. నీళ్ళ ట్యాంకు స్తంభం నుంచి పిట్టగోడ కమ్మీ దాకా మొదటి దండెం కట్టింది. మర్నాటికి కింద ఉతికి తెచ్చిన లాడ్జీ దుప్పట్లు అక్కడ ఊగుతున్నాయి. ఎండ పడితే మా మూడో అంతస్తు వరండాలో కూడా ఆ నీడలు తిరిగేవి. నేల మీద నీటిలా కదిలేవి. మా పాప ఆ నీడల మీద కాలు పెట్టకుండా గెంతుతూ నడిచేది, తడుస్తానని.

ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అన్నారా. ఇళ్ళవాళ్ళ సంఘం ఏర్పడింది. లెక్కల మాస్టారే అధ్యక్షుడు. మెట్ల పక్కన నియమాల బోర్డు పెట్టారు. నివాసాల్లో వ్యాపారం చేయరాదు, డాబాను సొంత వ్యాపారానికి వాడరాదు అని అందులో రాసి ఉంది. ఆ నియమానికి కారణం లేకపోలేదు. తడి మూటలతో మెట్లు జారుతున్నాయని ఒకరు, డాబా నాని మా కప్పు చెమ్మగిల్లుతోందని పక్కింటావిడ, ఎవరెవరో లాడ్జీ మనుషులు పైదాకా వస్తున్నారని ఇంకొకరు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదుల్లో కూడా అబద్ధం లేదు. మెట్ల మీద నేనే ఒకసారి జారాను.

మాస్టారు స్వయంగా పైకి వచ్చాడు. ఆయాసం తీరేదాకా కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, "నాకు ఇష్టమై చెప్పడం లేదమ్మా" అన్నాడు. "ఇక్కడ ఇళ్ళు ఉండాలని పోట్లాడిందే నేను. నివాసం నివాసమే, వ్యాపారం వ్యాపారమే అని ఊరంతా తిరిగి చెప్పాను. ఇప్పుడు మన మేడ మీదే రెండూ కలిస్తే, రేపు కింద షావుకారు నన్నేమంటాడు?"

"నాకు మొదట్నుంచీ ఆ రెండూ ఒకే తొట్లో ఉన్నాయి మాస్టారూ" అంది దండెమత్త.

"కింద ఒక షాపు తీసుకోరాదూ?"

"అక్కడ ఎండ రాదు కదండీ."

"పోనీ, మీ ఇంటి బట్టలైతే ఆరేసుకోండి. దానికెవరూ అడ్డు చెప్పరు."

వదినగారు కిటికీ దగ్గర నుంచి తల తిప్పకుండానే, "అవన్నీ మా ఇంటివే మాస్టారూ. మాకు బంధువుల తాకిడి ఎక్కువ. రోజూ ఒక లాడ్జీ నిండా జనం పడుకుని పోతుంటారు" అంది. మాస్టారు నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. నవ్వాడు కూడా. కానీ వెళ్ళేటప్పుడు, ఆదివారం అందరి ముందూ తేలుద్దామని చెప్పి వెళ్ళాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆమెకు ఇల్లే రచ్చయింది.

సంఘానికి హాలు లేదు. అందుకని ఆదివారం మధ్యాహ్నం సమావేశం డాబా మీదే పెట్టారు. వివాదం కూడా అక్కడిదే కదా, కళ్ళతో చూసి మాట్లాడవచ్చని. ఆ రోజుకు దండేలు ఖాళీగా ఉంచాలని దండెమత్త అనుకుంది. కానీ లాడ్జీలో ఏదో పెద్ద బృందం దిగిందట, తెల్లారేసరికి మూటలు వచ్చి పడ్డాయి. ఆరేయక తప్పింది కాదు. మేము పైకి వెళ్ళేసరికి డాబా ఒక పక్క తెల్లగా ఊగుతోంది. ఇంకో పక్క కుర్చీలు వేసి ఉన్నాయి. నెత్తి మీద ఎండ మండుతోంది.

మాస్టారు బోర్డు మీది నియమాలు చదవడం మొదలుపెట్టాడు. పక్కింటావిడ కప్పు చెమ్మ గురించి చెప్పింది. కింది షాపుల తరఫున షావుకారు కూడా వచ్చాడు. మేం ఇళ్ళు పెట్టుకోకూడదన్నప్పుడు మీరు వ్యాపారం ఎలా పెట్టుకుంటారని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి ఎవరో జవాబిచ్చారు, దానికింకెవరో అడ్డుపడ్డారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకాయన కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు. అక్కడ దుప్పటి నీడ ఉంది. ఆయన పక్కావిడ కూడా జరిగింది. పిల్లనెత్తుకున్న తల్లి ఒకామె ఏకంగా రెండు వరసల మధ్యకు వెళ్ళి నేల మీద కూర్చుంది. అనుకుని చేసింది కాదు. ఎండకు తాళలేక ఒక్కొక్కరే, కుర్చీ ఈడ్చుకుంటూ, వాదన వదలకుండానే లోపలికి జరిగారు. చివరికి బయట ఎండలో మాస్టారొక్కడే మిగిలాడు, చేతిలో కాగితంతో.

"మీరూ రండి మాస్టారూ, లోపల చల్లగా ఉంది" అంది దండెమత్త.

ఆయన అటూ ఇటూ చూసి, దుప్పటి పైకెత్తి లోపలికి వచ్చాడు.

లోపల వెలుగు వేరు. పాలలోంచి చూస్తున్నట్టుంది. సబ్బు వాసన, తడి వాసన, ఎండ వాసన. గాలి వీచినప్పుడల్లా గోడలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చుకుని వదిలినట్టు ఉబ్బి తగ్గుతున్నాయి. ఎవరు ఎక్కడున్నారో సగమే కనిపిస్తోంది. ఒక వరస నుంచి షావుకారు గొంతు, ఇంకో వరస నుంచి జవాబు. మనిషి కనపడకపోతే కోపం నిలవదేమో, గొంతులు తగ్గుతూ వచ్చాయి. చెమ్మ గురించి మొదలైన మాట, చిన్నప్పుడు కురిసే ఇంట్లో గిన్నెలు పెట్టుకుని పడుకున్న సంగతిలోకి వెళ్ళింది. షావుకారు తను మొదట్లో సైకిల్ మీద బట్టలమ్మిన రోజులు చెప్పాడు. ఎవరికో కునుకు పట్టింది. పిల్ల అప్పటికే నిద్రపోయింది. మాస్టారు నాలుగో నియమం దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుందామని తీసి, అలాగే తల వాల్చాడు. కాగితం ఒళ్ళో పడింది.

అప్పుడు నేను మామయ్యను చూశాను. ఆయన చప్పుడు చేయకుండా దండేల వెంట నడుస్తున్నాడు. పొద్దు వాలేకొద్దీ నీడ జరుగుతుంది కదా. నిద్రపోతున్నవాళ్ళ ముఖాల మీద ఎండ పడకుండా ఒక్కొక్క దుప్పటినీ జానెడు, బెత్తెడు జరుపుతున్నాడు. పనిగా చేయడం లేదు, తనలో తాను నడుస్తున్నట్టే ఉన్నాడు. దండెమత్త ట్యాంకు పక్కన ఒక కాలు చాపుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని గాఢనిద్రలో ఉంది.

మాస్టారికి మెలకువ వచ్చేసరికి దుప్పట్లు ఆరిపోయాయి. ఆయన గొంతు సవరించుకుని, "చర్చ పూర్తి కాలేదు గనక సమావేశం వచ్చే ఆదివారానికి వాయిదా" అన్నాడు. ఎవరూ కాదనలేదు. వచ్చే ఆదివారం కూడా ఎండగానే ఉంది, వాయిదా పడింది. ఆ తర్వాత మరొకటి. అవుననీ ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. బోర్డు మీది నియమం ఇప్పటికీ ఉంది, రంగు కూడా వేయించారు. కాకపోతే మూటలు మెట్ల మీదికి రాకముందే కిందే గట్టిగా పిండాలని మామయ్య తనకు తానే ఒక నియమం పెట్టుకున్నాడు. పక్కింటావిడ కప్పు మీద సున్నం గచ్చు ఆయనే వేసి, అలవాటు కొద్దీ రోజూ తడిపాడు.

ఒక పొద్దున మాస్టారి భార్య బకెట్టుతో పైకి వచ్చింది. "మా వరండాలో ఆయన పంట్లాము ఆరి చావడం లేదు. ఈ కొసన కాస్త చోటుందా?" అంది. ఆవిడ వెనక మరొకరు వచ్చారు. ఏడాది తిరక్కుండానే దండేల్లో సగం లాడ్జీవి, సగం మావి అయ్యాయి. తర్వాత కొన్నాళ్ళకు లాడ్జీవాళ్ళు ఉతికే యంత్రం కొనుక్కున్నారు. దండెమత్త రెండు రోజులు డాబా మీదికే వెళ్ళలేదు. మూడో రోజు మాస్టారి ఇంటి తలుపు తట్టి, "తెల్లచొక్కాలకు నీలిమందు పెట్టడం మీ ఆవిడకు రావడం లేదు, ఇలా ఇవ్వండి" అని తీసుకెళ్ళింది. ఆ మేడలోని ఇళ్ళూ షాపులే ఆమెకు సరిపోయాయి.

మొన్న సాయంత్రం ఉన్నట్టుండి వాన వచ్చింది. మబ్బు కూడా సరిగా పట్టలేదు. మొదటి చినుకులకే వదినగారు కిటికీలోంచి కేకేసింది. మేడంతా మెట్ల మీదికి పరిగెత్తింది. కింది షాపుల్లోంచి కూడా వచ్చారు. షావుకారు కొడుకు టేపు మెడలో వేసుకునే వచ్చాడు. ఎవరి బట్టలు ఎవరివో చూసుకునే వ్యవధి లేదు. చేతికందినవి లాగి, గుండెకు హత్తుకుని దిగాం. తర్వాత చాలాసేపు అందరం మెట్ల మీద, అంతస్తుకు కొందరుగా కూర్చుని, "ఈ చొక్కా ఎవరిది? ఈ తువ్వాలు ఎవరిది?" అంటూ పైకీ కిందికీ అందించుకున్నాం. బయట వాన గట్టిగా కురుస్తోంది. దండెమత్త పై మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కటీ విప్పి చూసి ఎవరిదో చెబుతోంది.

చివరికి ఒక చిన్న గౌను మిగిలింది, పసుపుపచ్చ పూలది. అందరూ మాది కాదన్నారు. దండెమత్త దాన్ని మెల్లగా పిండి, దులిపి, తన తలుపు గొళ్ళేనికి వేలాడదీసింది. మర్నాడు నేను పాలకని దిగేటప్పుడు చూస్తే లేదు. ఎవరో తీసుకెళ్ళారు.